సూది వేశాక ఐదు గంటలు

నాకు కుడి రొమ్ము తీసేసినప్పుడు ముప్పై తొమ్మిదేళ్ళు. ఎనభైల నడిమి మాట. హైదరాబాదులో ఆపరేషన్ చేసిన సర్జన్ నాలుగో రోజున మంచం పక్కన నిలబడి, గడ్డ మొత్తం తీసేశామని, చంకలోకి కూడా కొంచెం పాకింది కాబట్టి ఆరు నెలలపాటు మందు ఎక్కించుకోవాలని చెప్పాడు. నెలకు రెండు ఇంజెక్షన్లు, వారం ఎడంతో. వాటితోపాటు పద్నాలుగు రోజులు మాత్రలు. ఆ పైన రెండు వారాలు ఏమీ ఉండదు. మళ్ళీ మొదలు. ఇందుకోసం ప్రతిసారీ హైదరాబాదు రానక్కరలేదు, తన దగ్గర పని నేర్చుకున్న డాక్టరు ఖమ్మంలో ఉన్నాడు, ఆయనకు ఉత్తరం రాసిస్తాను అన్నాడు. నేను అడిగింది ఒక్కటే, బడికి వెళ్ళవచ్చా అని. ఓపిక ఉన్న రోజు వెళ్ళమన్నాడు.

మేము బూర్గంపాడులో ఉండేవాళ్ళం. మా మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, గోదావరి ఒడ్డు భూముల్లో పొగాకు, మిరప వేస్తూ స్థిరపడిన కుటుంబం. నా భర్తది అదే సేద్యం. మాకు పిల్లలు లేరు. నేను అడవి వైపు పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచర్ని.

మొదటి ఇంజెక్షన్‌కు నా భర్త వెంట వచ్చాడు. నవంబరు నెల. పొద్దున్నే మొదటి బస్సు ఎక్కితే తొమ్మిదిన్నర దాటాక ఖమ్మం చేరాం. డాక్టరు నాకంటే చిన్నవాడు. ఎడమ చేతిలో నరం వెతికి, ముందు రంగులేని మందు, తరువాత పసుపుపచ్చటి మందు మెల్లగా ఎక్కించాడు. పావుగంటలో అయిపోయింది. నాకేమీ కాలేదు. లేచి చీర సర్దుకుని బయటికి వస్తే నా భర్త వసారాలో బెంచీ మీద తల పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, ధైర్యం చెప్పి, బస్టాండుకు తీసుకువెళ్ళాను. తిరుగు బస్సు కొత్తగూడెం దాటాక వాంతులు మొదలయ్యాయి. ఇల్లు చేరేదాకా కిటికీ కమ్మీ వదల్లేదు. ఆయన నా వీపు నిమురుతూ ఏడ్చాడు. బస్సులో వాళ్ళు నన్ను వదిలేసి ఆయన్నే చూశారు.

వారం తరువాత రెండో ఇంజెక్షన్. ఈసారి బస్సులో తిప్పలు పడకుండా రాత్రికి ఖమ్మంలోనే ఆగాం. మా బంధువులు విజయవాడ వెళ్ళిపోతూ, స్టేషన్ దగ్గరి తమ ఇంట్లో ముందు గది తాళంచెవి మాకిచ్చి వెళ్ళారు. మిగతాదంతా మొదటిసారిలాగే జరిగింది. టీచర్లకు గడియారం చూసుకునే అలవాటు పోదు. రెండుసార్లూ సూది పదకొండుకు పడింది, వాంతి నాలుగుకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. డాక్టర్ని అడిగితే కొందరికి అంతేనన్నాడు. అంటే మధ్యలో ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ నేను మామూలు మనిషిని. వాటిని ఏం చేసుకోవాలో అప్పటికి నాకు తోచలేదు. బెంచీ మీద కూర్చుని నాలుగు ఎప్పుడవుతుందా అని ఎదురుచూశాను, అంతే.

మా హాస్టల్లో వంట చేసే ఆమె నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. బడికి ఆనుకుని ఉన్న కోయ గూడెం ఆమెది. భర్త ఏనాడో పోయాడు. కొడుకూ కోడలూ పోడు చేసుకునేవాళ్ళు, ఎండాకాలం తునికాకు కోసేవాళ్ళు. నేను ఆమెను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను పంతులమ్మా అనేది. ఎనిమిదేళ్ళుగా ఒకే ఆవరణలో పని చేస్తున్నా మా మధ్య మాటలు బియ్యంలో రాళ్ళ గురించీ, పిల్లల జ్వరాల గురించీ తప్ప ముందుకు పోలేదు.

ఆపరేషన్ తరువాత నన్ను చూడడానికి వచ్చినవాళ్ళంతా గుమ్మంలోనే కళ్ళు ఒత్తుకున్నారు. ఆమె కూడా వచ్చింది. తెచ్చిన ఉసిరికాయల మూట కింద పెట్టి, తలుపు దగ్గరికి వేసి, కోసిన చోటు చూపించమంది. అప్పటికి నా భర్త కూడా చూడలేదు, నేను చూడనివ్వలేదు. ఆమెకు ఎందుకు చూపించానో తెలియదు. దగ్గరగా వంగి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"మంచిగనే కుట్టిండు. సంచి మూతి కుట్టినట్టు, ఎడం లేకుంట కుట్టిండు" అంది.

హైదరాబాదు నుంచి వచ్చాక నేను నవ్వింది అప్పుడే. నవ్వితే కుట్లు లాగి నొప్పి పెట్టింది.

రెండో నెల కోర్సుకు ఆమెను తోడు అడిగాను. పొగాకు కోత మొదలైంది కదా, మీరు పొలం వదిలి రావద్దు అని నా భర్తకు చెప్పాను. అది పూర్తిగా అబద్ధం కాదు. అసలు సంగతి, వాంతుల కన్నా ఆయన మొహం భరించడం నాకు కష్టంగా ఉంది. ఆమె హెడ్మాస్టరు దగ్గర రెండు రోజులు సెలవు పెట్టి, ఇస్త్రీ చేయించిన చీర కట్టుకుని, పొద్దున్నే బస్టాండుకు నాకంటే ముందే వచ్చి కూర్చుంది. ఖమ్మం చూడడం ఆమెకు అదే మొదలు.

డాక్టరు సూది వేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూసింది. పచ్చటి మందును చూసి అది పసుపేనా అని అడిగింది. కాదని చెబితే, మరి అంత పచ్చగా ఎందుకుందని అడిగింది. డాక్టరు సూది తీసి నా చేతి మీద దూది పెట్టాడు. బయటికి వచ్చాక నేను నాలుగింటి సంగతి చెప్పి, అప్పటిదాకా ఇక్కడే నీడన కూర్చుందామన్నాను. ఆమె వీధి వైపు చూసింది.

"అయిదు గంటలంటే శానా పొద్దు పంతులమ్మా. గంతసేపు ఈ బెంచీ మీద ఏం జేస్తం?"

అలా మొదలైంది. ఆ రోజు హోటల్లో పూరీ తిన్నాం. పళ్ళెంలో పూరీ ఉబ్బి ఉండడం చూసి ఆమె వేలితో పొడిచి, ఆవిరి పోయేదాకా చూసి, లోపల ఏమీ లేదని నాతో చెప్పింది. నాకు అప్పటికే నోరు ఇనుము నాకినట్టు ఉండేది, ఏది తిన్నా రుచి తెలిసేది కాదు. ఆమె కొంగున కట్టుకొచ్చిన ఉసిరికాయను ఉప్పుతో నా చేతిలో పెట్టింది. పులుపు మాత్రం తెలిసింది. ఆ తరువాత ప్రతిసారీ ఏదో ఒక పులుపు తెచ్చేది. రేగుపళ్ళు, చింతకాయ, వేసవి మొదట్లో చింతచిగురు.

మరోసారి గాజుల దుకాణాలన్నీ తిరిగాం. తరువాత మ్యాట్నీలకు వెళ్ళడం మొదలుపెట్టాం. మా లెక్క ప్రకారం ఇంటర్వెల్లో లేచి రావాలి. లేచి, రిక్షా ఎక్కి గదికి చేరేసరికి నాలుగు కావచ్చేది. ఆమె బకెట్ నా మంచం పక్కకు జరిపి, తువ్వాలు తడిపి పెట్టి, కింద చాప మీద కూర్చునేది. వాంతికీ వాంతికీ నడుమ మేము చూడని సగం సినిమా నాకు చెప్పేది. అంతా తన కల్పనే. ఆమె కథల్లో ఎవరూ చచ్చిపోరు. విలన్‌ను ఎవరూ కొట్టరు కూడా. ఊరి పెద్దలు కూర్చుని వాడికి తప్పు వేస్తారు, వాడు మేకను కోసి ఊరందరికీ పెడతాడు. హీరో, హీరోయిన్ ఒక జత ఎడ్లు తెచ్చుకుని చేను చేసుకుంటారు. మధ్యలో నేను బకెట్ మీదికి వంగితే ఆగి, నా తల పట్టుకుని, నేను వెనక్కి వాలగానే ఆపిన చోటు నుంచి అందుకునేది. ఒకసారి హీరో తమ్ముణ్ణి మరిచిపోయిందని గుర్తు చేశాను. వాడు మామిడి తోటలో కాపలా ఉన్నాడంది.

ఆ నెలల్లో నేను సంతోషంగా ఉన్నానని చెబితే ఎవరికైనా ఎబ్బెట్టుగా ఉంటుంది. నాకూ అప్పుడు ఎబ్బెట్టుగానే ఉండేది. జుట్టు పలచబడి దువ్వెనకు కుచ్చులుగా వచ్చేది. మెట్లు ఎక్కితే ఆయాసం. క్లాసులో కుర్చీ దిగకుండా పాఠం చెప్పేదాన్ని. అయినా ఇంజెక్షన్ రోజు దగ్గర పడుతుంటే ఈసారి ఎక్కడికి వెళ్దామా అని ఆలోచించేదాన్ని. వంటగదిలో పిల్లలకు అన్నం వడ్డిస్తూ ఆమె, వరుసలో పిల్లల్ని నిలబెడుతూ నేను, ఇద్దరం తక్కువ గొంతుతో అదే మాట్లాడుకునేవాళ్ళం.

జనవరిలో రైలెక్కుదామంది. మేము దిగే గది స్టేషన్ దగ్గరే కావడంతో రైళ్ళ చప్పుడు ఎప్పుడూ వినబడేది, ఎక్కడం మాత్రం కాలేదు. మధ్యాహ్నం ప్యాసింజరుకు బోనకల్ దాకా వెళ్ళి, ఎదురొచ్చే బండిలో వెనక్కి వస్తే మూడు లోపే గదిలో ఉంటామని నేను లెక్క కట్టాను. ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. దారిలో ఒక గేటు దగ్గర ఎవరో రైతు చెయ్యెత్తాడు, బండి ఆగలేదు. ఆమె నా వైపు తిరిగి, చెయ్యెత్తినా ఆపడా అని అడిగింది. ఆపడన్నాను. అయితే ఇది బస్సంత మంచిది కాదని నిర్ణయించుకుంది. అయినా బోనకల్ వచ్చేదాకా కిటికీలోంచి మొహం తిప్పలేదు.

ఎదురు బండి రాలేదు. మధిర అవతల ఎక్కడో ఆగిందన్నారు. రెండయింది, మూడయింది. నాలుగుకు పది నిమిషాలు ఉండగా నాకు నోట్లో నీళ్ళు ఊరడం మొదలైంది. ప్లాట్‌ఫారం చివర నీళ్ళ కొళాయి దగ్గరికి నడిచి, అక్కడే కూలబడ్డాను. ఆమె నా నుదురు పట్టుకుంది. ఒకసారి, రెండోసారి, మూడోసారి. కూరగాయల గంపతో బండి కోసం కూర్చున్న ఒకామె వచ్చి, నెలలెన్ని అని అడిగింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. "ఇంక రెండు నెలలైతే అయిపోతది" అంది మా అక్క, ఏ మాత్రం తడుముకోకుండా. కూరగాయలామె జాలిపడి రెండు నిమ్మకాయలు ఇచ్చింది. నేను కొళాయి స్తంభం పట్టుకుని నవ్వు ఆపుకోలేక, నవ్వుతుంటే మళ్ళీ వాంతి వచ్చి, చాలాసేపు అవస్థ పడ్డాను. బండి అయిదున్నరకు వచ్చింది. ఆ ప్రయాణం గురించి నాకు ఒక్క క్షణం కూడా విచారం కలగలేదు. ఆ సంగతి అప్పుడే, ఆ ప్లాట్‌ఫారం మీదే గమనించుకున్నాను.

మా ఆడపడుచు అత్తవారి ఊరు ఖమ్మం పక్కనే. ఆమె తరఫువాళ్ళెవరో మమ్మల్ని సినిమాహాలు దగ్గర చూశారు. సంగతి బూర్గంపాడు చేరడానికి వారం పట్టింది. కేన్సర్ మనిషి గాజుల కొట్లూ సినిమాలూ పట్టుకుని తిరగడమేమిటని ఆడపడుచు తన తమ్ముణ్ణి, అంటే నా భర్తను, అడిగిందట. ఆయన నన్ను ఆ సాయంత్రం అడిగాడు. కోపంగా కాదు. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని అడిగాడు. నిజమేనన్నాను.

"తిరిగితే తిరిగావు. నాకెందుకు చెప్పలేదు?"

"మీ మొహం చూస్తే నాకు జబ్బు గుర్తొస్తుంది. ఆవిడ మొహం చూస్తే గుర్తు రాదు" అన్నాను.

అంతకన్నా మెత్తగా చెప్పి ఉండవచ్చు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. తరువాత రెండు రోజులు మా మధ్య మాటలు తక్కువగా నడిచాయి. ఆయన తప్పేమీ లేదు. ఆయనకు నా మీద ఉన్న ప్రేమ భయంగా మారి మొహంలోకి వచ్చేది, దాన్ని దాచుకోవడం ఆయనకు చేతకాదు. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలిసినా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఫిబ్రవరి చివర ఒకసారి రక్తపరీక్ష చూసి డాక్టరు సూది వేయనన్నాడు. తెల్లకణాలు బాగా తగ్గాయి, వారం ఆగి రమ్మన్నాడు. ఆ రోజు వైరా వెళ్దామని అనుకుని ఉన్నాం. బయటికి వచ్చాక ఆమె, సూది లేకపోతే ఇంటికే పోదామా అని అడిగింది. నేను వైరాకే పోదామన్నాను. నాలుగింటి భయం లేకుండా రోజంతా మా చేతిలో ఉండడం అదే మొదలు.

వైరా చెరువు కట్ట మీద గాలి బాగా ఉంది. గట్టున వేయించి అమ్మే చేపముక్కలు నిమ్మకాయ పిండుకుని తిన్నాం. ఆమె చీర మోకాళ్ళ దాకా దోపుకుని నీళ్ళలోకి దిగి నిలబడింది. నేను మెట్టు మీద కూర్చున్నాను. తల మీద కొంగు జారితే సర్దుకోలేదు. పలచబడిన జుట్టులో ఎండ నేరుగా తగిలింది. ఇంక ఎన్ని సూదులున్నాయని ఆమె అడిగింది. నాలుగు అన్నాను. ఆమె నీళ్ళకేసే చూస్తూ అంది:

"తప్పనుకోకు పంతులమ్మా. నీకు సూదులు అయిపోవస్తున్నయంటే నాకు దిగులైతంది. నీకు రోగం పోవాలె. పోతే మల్ల మనం గిట్ల వస్తమా? నేను పొయ్యి కాడికి, నువ్వు బడికి."

"నాకూ కొంచెం అట్లాగే ఉందక్కా" అన్నాను.

ఆ మాట నేను డాక్టరుతో అనలేదు, నా భర్తతో అనలేదు. ఇప్పుడు రాస్తున్నానే తప్ప ఎవరితోనూ అనలేదు. ఆమె నీళ్ళలోంచి వచ్చి నా పక్కన కూర్చుని కాళ్ళు ఆరబెట్టుకుంది. తన పెళ్ళికి ముందు సంగతులు చెప్పింది. పదిహేనేళ్ళప్పుడు ఇప్పపూలు ఏరడానికి వెళ్ళి, ఎలుగుబంటి కనబడితే చెట్టెక్కి మధ్యాహ్నం దాకా కూర్చుందట. కింద ఎలుగు పూలన్నీ తిని తీరిగ్గా వెళ్ళిపోయిందట. పూలు పోయినందుకు వాళ్ళమ్మ కొట్టిందని చెప్పి, ఇప్పటికీ ఆ దెబ్బ న్యాయం కాదంది. సాయంత్రం బస్సులో ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అంతకుముందెప్పుడూ నిద్రపోయేది నేను.

ఆఖరి ఇంజెక్షన్ ఏప్రిల్లో. మిరప కల్లాలు ఎత్తేశారు, నా భర్తకు తీరిక దొరికింది. తానూ వస్తానన్నాడు. వద్దనలేదు. ఆమెను కూడా రమ్మని తనే స్వయంగా హాస్టల్‌కు వెళ్ళి చెప్పి వచ్చాడు. దవాఖానాలో ఆయన ఈసారి లోపలికి వచ్చి, గోడకు ఆనుకుని, సూది అయ్యేదాకా నిలబడ్డాడు. బయటికి వచ్చాక, ఇప్పుడు మీరిద్దరూ ఏం చేస్తారు అని అడిగాడు. చెప్పాం. సరే పదండన్నాడు.

హోటల్లో ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. అక్కకు ఆయన ముందు తినడం మొహమాటమైంది, ఆయనకు ఆమెతో ఏం మాట్లాడాలో తెలియలేదు. హాస్టల్లో పప్పు ఎలా వస్తోందని అడిగాడు. మంచిగనే వస్తుందంది. సినిమాలో ఇంటర్వెల్ పడగానే మేమిద్దరం అలవాటుగా లేచాం. ఆయన కూడా లేవబోయాడు. నేను కూర్చోమన్నాను. కథ పూర్తిగా చూసి వచ్చి చెప్పమన్నాను. ఆయన ఒక్కడే చీకట్లో కూర్చుండిపోయాడు.

ఆరు గంటల వేళ ఆయన గదికి వచ్చేసరికి నాకు మూడు వాంతులయ్యాయి. గుమ్మంలో ఆగి బకెట్ వైపు చూశాడు. మొహం మళ్ళీ పాత మొహమే అయింది. కానీ చాప మీద కూర్చుని, గొంతు సవరించుకుని, మిగతా సినిమా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు కథ చెప్పడం రాదు. ముందు జరిగింది తరువాత, తరువాత జరిగింది ముందు చెప్పాడు. చివర్లో హీరో అన్న చచ్చిపోయాడని చెబుతూ మధ్యలో ఆగి నన్ను చూసి, అంత దెబ్బ ఏమీ తగల్లేదులే, బతికే ఉంటాడని సవరించాడు. అక్క అంతా ఓపికగా విన్నది. విని, ఆయన రాకముందు తాను చెప్పిన కథే బాగుందని నాతో అంది. ఆయన అదేమిటో చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. మేక కోసిన దగ్గర ఆయన నవ్వాడు. ఆయన నవ్వడం ఆరు నెలల్లో నేను చూసింది అదే మొదలు. వాంతి వస్తున్నా కళ్ళు మూసుకోకుండా చూశాను.

తరువాత సంగతి త్వరగా చెప్పవచ్చు. పరీక్షలకు మొదట మూడు నెలలకొకసారి, తరువాత ఏడాదికొకసారి వెళ్ళాను. జబ్బు మళ్ళీ రాలేదు. జుట్టు వచ్చింది, ముందుకన్నా కొంచెం ఉంగరాలు తిరిగి వచ్చింది. మరుసటి ఏడు ఆమెను చింతూరు వైపు ఒక హాస్టల్‌కు బదిలీ చేశారు. మొదటిసారి చూడడానికి వెళ్ళినప్పుడు మాకు మాటలు సరిగా దొరకలేదు. ఆమె పొయ్యి దగ్గర, నేను పీట మీద. పిల్లలు వచ్చిపోతూ ఉన్నారు. బియ్యం గురించి, జ్వరాల గురించి మాట్లాడుకున్నాం. తిరిగి వస్తూ, మా స్నేహం ఆ ఐదు గంటలకు సరిపడా మాత్రమే ఉండేదేమో అనుకున్నాను.

అలా అనుకోవడం తొందరపాటు. తొంభైల మొదట్లో, ఆమె పని మానేసి చింతూరు దగ్గరే ఉండిపోయాక, ఒక మే నెలలో చెప్పకుండా మా ఇంటికి వచ్చి మూడు రోజులు ఉంది. గోదావరి బాగా తగ్గి ఇసుక బయటపడింది. పొద్దున్నే ఇద్దరం ఇసుక తిన్నెల మీద వేసిన పుచ్చతోటల దాకా నడిచి వెళ్ళేవాళ్ళం. ఎండ ఎక్కేలోపు తిరిగి వచ్చేవాళ్ళం. పగలంతా ఆమె మా వంటింటి గడప మీద కూర్చుని నా భర్తతో ఎడ్ల గురించి మాట్లాడింది. నేను పరీక్ష పేపర్లు దిద్దుకున్నాను. నాలుగో రోజు పొద్దున బస్సెక్కించాను. ఆమె కిటికీలోంచి, వానలు పడకముందే నువ్వూ ఒకపాలి రా అంది. జూన్ మొదటి వారంలో వెళ్ళాను.